లారీ ఎక్కడుందో తెలుసు, డ్రైవర్ ఎన్ని గంటలు తోలాడో?

గుంటూరు మిర్చి యార్డులో లోడైన లారీ ఎక్కడిదాకా వెళ్లిందో ఓనరు విజయవాడ ఆటోనగర్‌లో కూర్చుని ఫోన్‌లో చూసుకుంటాడు. కాజ టోల్‌గేట్ దాటిందా, ఏలూరు చేరిందా, దారిలో ఎక్కడైనా ఆగిందా, అన్నీ జీపీఎస్ చెప్పేస్తుంది. స్టీరింగ్ పట్టుకున్న మనిషి నిద్ర లేకుండా ఎన్ని గంటలుగా తోలుతున్నాడో మాత్రం ఆ మ్యాపులో కనపడదు.

అమెరికాలో ఈ రెండో లెక్క కోసమే ఒక పరికరం ఉంది. పేరు ఎలక్ట్రానిక్ లాగింగ్ డివైస్, పొట్టిగా ఈఎల్‌డీ. 2017 డిసెంబర్ 18 నుంచి అక్కడి లారీల్లో చాలావాటికి ఇది తప్పనిసరి. అంతకుముందు డ్రైవర్లు కాగితం మీద గీతలు గీసి గంటలు చూపించేవారు. ఆ గీతల్ని ఎటు కావాలంటే అటు జరపొచ్చు కాబట్టి తనిఖీ చేసేవాళ్లకు నిజం తెలిసేది కాదు.

ఈఎల్‌డీ డ్రైవర్ మాట మీద ఆధారపడదు, లారీనే అడుగుతుంది. గేర్‌బాక్స్ వెనక షాఫ్టు దగ్గర పళ్ల చక్రం, దాని పక్కన ఒక సెన్సర్ ఉంటాయి. ఒక్కో పన్ను ఎదురుగా వచ్చినప్పుడల్లా సెన్సర్‌లో ఒక విద్యుత్ పల్స్ పుడుతుంది. సెకనుకు ఎన్ని పల్సులు వచ్చాయో లెక్కేసి ఇంజిన్ కంప్యూటర్ బండి వేగం కనుక్కుంటుంది. ఆ వేగంతోపాటు ఇంజిన్ నడిచిన గంటలు, తిరిగిన దూరం లారీ లోపలి వైర్లలో సందేశాలుగా వెళ్తుంటాయి. డ్యాష్‌బోర్డు కింద పోర్టుకు తగిలించిన ఈఎల్‌డీ వాటిని వింటూ రాసుకుంటుంది. జీపీఎస్ పని ముఖ్యంగా చోటు చెప్పడం. సిగ్నల్ పోయినా చక్రాలు తిరిగిన సంగతి దాగదు.

వేగం గంటకు 5 మైళ్లు, అంటే సుమారు 8 కిలోమీటర్లు దాటేలోపే తెర మీద ‘డ్రైవింగ్’ అని పడిపోతుంది. బండి ఆగి 5 నిమిషాలైతే, ఇంకా డ్రైవింగ్‌లోనే ఉన్నారా అని అడుగుతుంది. నిమిషంలోపు జవాబు రాకపోతే ‘డ్యూటీలో ఉన్నారు, తోలడం లేదు’ అని మార్చేస్తుంది. కదులుతున్నంతసేపూ గంటకోసారి, ఇంజిన్ వేసినప్పుడు, ఆపినప్పుడు చోటు నమోదవుతుంది. అదీ మైలు అటూ ఇటూగానే. సొంత పనికి బండి వాడుకుంటే 10 మైళ్లదాకా మసకబారుస్తుంది. ఈ జాగ్రత్త నాకు బాగా నచ్చింది. తప్పు పడితే డ్రైవర్ దిద్దుకోవచ్చు, కానీ మొదటి రాత చెరిగిపోదు. యంత్రం రాసిన డ్రైవింగ్ గంటల్ని తగ్గించడమూ కుదరదు.

అక్కడి నియమం ప్రకారం వరసగా 10 గంటల విశ్రాంతి తర్వాత డ్యూటీ ఎక్కితే 14 గంటల గడియారం మొదలవుతుంది. ఆ లోపల 11 గంటలకు మించి తోలకూడదు. దీన్ని మన యార్డుకు పెట్టి చూడండి. డ్రైవర్ పొద్దున 6 గంటలకు వచ్చాడనుకుందాం. టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎక్కించి, కాటా వేయించి, బిల్లులు చేతికొచ్చేసరికి 11 అయింది. చక్రం కదలకపోయినా గడియారం ఆగలేదు. రాత్రి 8 అయ్యేసరికి బండి పక్కన పెట్టాల్సిందే. 5 గంటలు యార్డు తినేసింది, నష్టం మాత్రం ట్రిప్పు లెక్కన డబ్బులు తీసుకునే డ్రైవర్‌ది.

ఆ టెన్షన్ ఎటు దారితీస్తుందో అమెరికాలో కనపడింది. 2021లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఈఎల్‌డీలు వచ్చాక పనిగంటల ఉల్లంఘనలు బాగా తగ్గాయని తేలింది. అయితే ప్రమాదాలు తగ్గిన జాడ లేదు. పైగా చిన్న కంపెనీల డ్రైవర్లలో అతివేగం లాంటి తప్పులు పెరిగాయి. పోయిన సమయాన్ని రోడ్డు మీద రాబట్టుకోవాలని చూశారన్నమాట.

మన దగ్గర చట్టం లేక కాదు. 2025 నవంబర్‌లో కొత్త కార్మిక కోడ్ దాని స్థానంలోకి వచ్చేదాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలని హద్దు పెట్టింది, దూరప్రయాణాలకు కొంత సడలింపు ఇచ్చింది. వరసగా 5 గంటలు పనిచేస్తే అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణం) లారీల్లో ఇంజిన్ కంప్యూటర్ ఎలాగూ ఉంది, వేగం లెక్క అందులో ఉంది. లేనిదల్లా ఆ లెక్కను డ్రైవర్ పేరుకు ముడిపెట్టే ఏర్పాటు.

అది రావాలనే నా కోరిక. కానీ ఓనరు ఫోన్‌లోకి మరో నిఘా కన్నుగా వస్తే వద్దు. అమెరికా నియమాల్లో డ్రైవర్ తన రికార్డు తాను తీసుకోవచ్చు, ఆ సమాచారంతో కంపెనీ అతణ్ని వేధించడం నిషేధం. ఇక్కడా అలాగే ఉండాలి. యార్డులో, కాటా దగ్గర ఆగిన ప్రతి గంటా అందులో పడాలి, ఆ గంటలకూ కూలి కట్టాలి. రాత్రి 8కి ఆపమంటే బండి పెట్టుకోవడానికి జాగా, స్నానానికి నీళ్లు, భయం లేకుండా పడుకునే చోటు జాతీయ రహదారి పొడుగునా ముందే సిద్ధం చేయాలి.