పీఎస్ 64: లాండ్‌మార్క్ అయ్యాక ఊడిన టెర్రకోట

న్యూయార్క్ ఈస్ట్ విలేజ్‌లో తొమ్మిదో వీధి నుంచి పదో వీధి దాకా ఉన్న పీఎస్ (పబ్లిక్ స్కూల్) 64 బడిని 1904–06లో కట్టారు. నగర స్కూలు భవనాల ఆర్కిటెక్టు సి.బి.జె. స్నైడర్ దీన్ని హెచ్ అక్షరం ఆకారంలో గీశారు. వీధి మూల స్థలాలు ఖరీదు, నడిమి స్థలాలు చవక. హెచ్ ఆకారంలో రెండు వైపులా ముంగిళ్లు వదిలితే నడిమి స్థలంలోనూ గాలీ వెలుతురూ వస్తాయి. వలస కుటుంబాల పిల్లల బడికి ఫ్రెంచి కోటల తరహా ముఖభాగం, దాని మీద టెర్రకోట (కాల్చిన మట్టి) నగిషీ!

ఆ హంగు సాధ్యమైంది అచ్చుల వల్లే. రాయైతే ప్రతి పువ్వూ విడిగా చెక్కాలి, టెర్రకోటకు ఒక్క ప్లాస్టర్ అచ్చుతో చాలా ప్రతులు తీయొచ్చు. ఆరి, కాలేసరికి మట్టి సుమారు పన్నెండో వంతు కుంచించుకుపోతుంది కనుక నమూనాను ఆ మేరకు పెద్దది చేస్తారు. అంగుళం పైచిలుకు మందాన మట్టిని చేత్తో అచ్చుకు అదిమి, లోపల అడ్డుపలకలు నిలిపి, వెనుక డొల్లగా వదిలి కాలుస్తారు. గోడకు ఇనుప కొక్కేలతో బిగిస్తారు.

తంటా ఆ కొక్కేలతోనే. టెర్రకోట దిమ్మెల మధ్య జాయింట్లలోంచి దిగిన నీటికి ఇనుము తుప్పుపట్టి కొన్ని రెట్లు ఉబ్బుతుంది, దిమ్మెను లోపలి నుంచే చీలుస్తుంది. పైన గ్లేజు (గాజులాంటి పూత) మాత్రం మెరుస్తూనే ఉంటుంది. కొయ్య సుత్తితో తడితే తెలుస్తుంది: మంచి దిమ్మె ఖంగుమంటుంది, చెడినది మొద్దుగా పలుకుతుంది. నీరు దిగకుండా పైన సీలెంటు పూయడం ఇంకా చేటు. తడి బయటికి రాలేక చలికి గడ్డకట్టి పెచ్చులూడతాయి.

1979లో న్యూయార్క్‌లో ఒక భవనం నుంచి టెర్రకోట ముక్క ఊడిపడి ఓ కాలేజీ విద్యార్థిని చనిపోయింది. మరుసటి ఏడే ఆరంతస్తులు దాటిన భవనాలకు ముఖభాగం తనిఖీ తప్పనిసరి చేశారు. మరమ్మతు ఖర్చుకు జడిసి చాలామంది నగిషీలే పీకేయించారు. పీఎస్ 64 ఐదంతస్తులే, ఆ చట్టం దీనికి వర్తించదు.

1977లో బడి మూతపడింది. 1979 నుంచి చారాస్ సంస్థ ఇక్కడ ఎల్ బొహియో సాంస్కృతిక కేంద్రం నడిపింది. 1998లో నగరం భవనాన్ని వేలంలో 31.5 లక్షల డాలర్లకు ఒక డెవలపరుకు అమ్మింది, 2001 చివర్లో చారాస్‌ను ఖాళీ చేయించారు. 2006 జూన్‌లో లాండ్‌మార్క్ (రక్షిత చారిత్రక కట్టడం) హోదా వచ్చింది. కానీ నగిషీ తీసే అనుమతి యజమాని చేతిలో అప్పటికే ఉంది. హోదా వచ్చినా పాత అనుమతి చెల్లుతుంది. ఆ సందులోనే టెర్రకోట చాలావరకు పోయింది.

తిరిగి పెట్టాలంటే మిగిలిన ముక్కల కొలతలు, పాత ఫొటోల ఆధారంగా కొత్త అచ్చులు చేయాలి. కొక్కేలు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి, జాయింట్లలో దిమ్మె కంటే మెత్తని సున్నపు మోర్టారు నింపాలి. గట్టి సిమెంటు వాడితే ఒత్తిడికి దిమ్మె అంచులే పగులుతాయి.