ఖాళీ గడిలో సున్నా వేయొచ్చా?

పిల్లలూ,

"తాతయ్యా, పట్టికలో అంకె దొరకనిచోట సున్నా వేసేస్తే పోదా?" అని అడిగారు కదా. మీరే వేసి చూడండి. ఏడుగురిలో ఐదుగురి ఎత్తులు దొరికాయనుకోండి: 130, 135, 140, 145, 150 సెంటీమీటర్లు. సగటు 140. మిగతా ఇద్దరికీ సున్నా వేస్తే సగటు 100కి పడిపోతుంది. అంత పొట్టివాళ్ళు ఆ పట్టికలో ఒక్కరూ లేరే! సున్నా అంటే కొలిస్తే వచ్చిన అంకె. ఖాళీ అంటే అసలు కొలవలేదని. కొందరు ఖాళీకి గుర్తుగా 999 వేస్తారు. అదీ కూడికలో కలిసిపోయి లెక్కంతా పాడుచేస్తుంది. గడిని ఖాళీగానే వదిలి, పక్కన కారణం రాయండి.

ఎందుకంటే ఖాళీ గడి బట్టకు పడ్డ చిరుగులాంటిది. ఎలా చిరిగిందో చూడకుండా మాసిక వేయకూడదు. 1976లో డొనాల్డ్ రూబిన్ అనే గణాంక శాస్త్రవేత్త ఈ చిరుగులను మూడు రకాలుగా విడదీశాడు. కాగితం తడిసి ఏదో ఒక అంకె చెరిగిపోతే అది మేకు తగిలి చిరిగినట్టు, వట్టి యాదృచ్ఛికం. చిన్న తరగతులవాళ్ళే ఎక్కువమంది రాకపోతే, ఎవరిది ఏ తరగతో పట్టికలో ఉంది కనుక ఆ దారంతో కుట్టుకోవచ్చు. మూడోది కష్టం. పొట్టిగా ఉన్నామని సిగ్గుపడి కొలతకు రానివాళ్ళ ఖాళీకి ఆ ఎత్తే కారణం. ఒక ఖాళీ రెండో రకమో మూడో రకమో పట్టికను ఎంత తిరగేసినా తెలియదు. వెళ్ళి అడగాల్సిందే.

చిరుగున్న అడ్డువరుసలన్నీ తీసేద్దామా? పది నిలువు వరుసల్లో ఒక్కోదానికి నూటికి 5 ఖాళీలు వేటికవిగా పడితే, నిండుగా మిగిలేవి నూటికి 60 వరుసలే.

సగటుతో మాసిక వేద్దామా? ఇద్దరికీ 140 పెడితే సగటు కదలదు కానీ ప్రామాణిక విచలనం, అంటే అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత, 7.9 నుంచి 6.5కి తగ్గిపోతుంది. మాసిక బిగుసుకుని బట్ట ముడుచుకున్నట్టే. లేని నమ్మకం పుట్టిస్తుంది కనుక, నాకు ఇదే అన్నిటికన్నా భయం.

అందుకే తెలిసినవాళ్ళు ఒక్క మాసికతో ఆగరు. వయసు, తరగతి చూసి ఊహించి, ప్రతిసారీ కాస్త హెచ్చుతగ్గులు కలిపి, ఇరవై పట్టికలు నింపుతారు. అన్నిటిమీదా లెక్క కట్టి జవాబుల సగటు తీస్తారు. జవాబులు ఎంత చెదిరితే మనకు తెలియనిది అంత ఎక్కువ. ఆ చెదురును కూడా పొరపాటు హద్దులో, అంటే జవాబు ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే అంకెలో, కలుపుతారు.

ఇప్పుడు నిండుగా ఉన్న ముప్పై ఎత్తుల జాబితా ఒకటి తీసుకోండి. చీటీలు తీసి ఆరు అంకెలు చెరిపి సగటు కట్టండి. మళ్ళీ మొదటి జాబితాలో అన్నిటికన్నా చిన్నవి ఆరు చెరిపి కట్టండి. రెండు సగటులనూ పక్కపక్కన రాసి చూడండి.

మీ తాతయ్య