శ్రీలంకలో గైడెడ్ టూర్లు: అపోహలు - వాస్తవాలు

తెలుగు రాష్ట్రాల నుంచి శ్రీలంక వెళ్లే కుటుంబాలకు, చిన్న బృందాలకు యాత్రలు రూపొందించడం నా వృత్తి. ఫోన్ చేసినవారు మొదట అడిగేది ఎన్ని రోజులు, ఎన్ని ప్రదేశాలు, తలకు ఎంత అవుతుంది అని. గైడుగా ఎవరు వస్తారు, ఆ నెలలో ఆ ప్రాంతంలో వానలు ఉంటాయా, సఫారీ జీపు తెల్లవారుజామున ఎన్ని గంటలకు గేటు దగ్గర ఉంటుంది అని అడిగేవారు అరుదు. డబ్బుకు తగిన యాత్ర దొరకడం మాత్రం చాలావరకు ఈ రెండో రకం ప్రశ్నల మీదే ఆధారపడి ఉంటుంది. నాకు తరచుగా ఎదురయ్యే అపోహలను, వాటి వెనుక ఉన్న వాస్తవాలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: చిన్న దేశమే కాబట్టి నాలుగు రాత్రుల్లో మొత్తం చూసి రావచ్చు.

శ్రీలంక విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగానికి కొంచెం ఎక్కువ. అయితే యాత్రలో లెక్కకు వచ్చేది విస్తీర్ణం కాదు, ప్రయాణానికి పట్టే సమయం. క్యాండీ నుంచి నువర ఎలియకు దూరం 80 కిలోమీటర్ల లోపే అయినా, తేయాకు తోటల మధ్య మలుపులు తిరుగుతూ ఎక్కే ఆ దారిలో రెండున్నర గంటలు పడుతుంది. విమానాశ్రయం ఉన్న కటునాయక నుంచి సిగిరియా బండకోట చేరడానికి దాదాపు నాలుగు గంటలు కావాలి. కొలంబో నుంచి దక్షిణ తీరానికి ఎక్స్‌ప్రెస్ హైవే ఉంది గానీ కొండ ప్రాంతాలకు అటువంటి సౌకర్యం లేదు. నాలుగు రాత్రుల్లో సిగిరియా, క్యాండీ, నువర ఎలియ, యాల, బెంటోట, కొలంబో అన్నీ చూపిస్తామనే ప్యాకేజీలో మీరు ఎక్కువగా చూసేది వ్యాను కిటికీనే. ప్రతి రోజూ బయలుదేరే వేళ, చేరే వేళ రాసి ఇమ్మని అడగండి. ఏ రోజైనా వాహనంలో ఐదు గంటలు దాటుతుంటే ఒక ఊరిని తీసివేయమనండి. నాలుగు రాత్రులే ఉన్నవారికి సిగిరియా, పొలొన్నరువ, క్యాండీ కలిపి ఒక యాత్ర, లేదా గాలె, మిరిస్స, ఉడవలవె కలిపి మరొక యాత్ర సరిపోతాయి. రెండింటినీ కలిపి కుదించడం నేను మానేశాను.

అపోహ: డ్రైవర్ ఇంగ్లిష్ బాగా మాట్లాడితే వేరే గైడు అవసరం లేదు.

శ్రీలంక పర్యాటక అభివృద్ధి ప్రాధికార సంస్థ గైడ్లకు వేర్వేరు తరగతుల లైసెన్సులు ఇస్తుంది. దేశమంతటా వివరించగలిగే నేషనల్ గైడు, ఒక ప్రాంతానికి పరిమితమైన ఏరియా గైడు, ఒకే స్థలంలో పనిచేసే సైట్ గైడు, వాహనం నడుపుతూనే వివరించే షోఫర్ గైడు అనేవి ఆ తరగతులు. వీరుగాక కేవలం వాహనం నడిపే డ్రైవర్లు ఉంటారు. ప్యాకేజీ కాగితం మీద కనిపించే ‘డ్రైవర్ కమ్ గైడ్’ అనే మాటకు అర్థం లైసెన్సు ఉన్న షోఫర్ గైడు కావచ్చు, ఏ శిక్షణా లేని డ్రైవరూ కావచ్చు. కాబట్టి ఏ తరగతి లైసెన్సు ఉన్న వ్యక్తిని పంపుతున్నారో డబ్బు కట్టే ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ఈ తేడా ఎక్కడ తెలుస్తుందో చెప్పాలంటే పాత రాజధాని పొలొన్నరువలోని గల్ విహార అనే బౌద్ధ స్థలం మంచి ఉదాహరణ. 12వ శతాబ్దంలో మొదటి పరాక్రమబాహు రాజు కాలంలో ఒకే రాతి గుట్టలో చెక్కిన బుద్ధ విగ్రహాలలో శయన మూర్తి పొడవు దాదాపు 14 మీటర్లు. గైడు లేకుండా వచ్చినవారు ఎదురుగా నిలబడి ఫొటో తీసుకుని ఐదు నిమిషాలలో వెనుదిరుగుతారు. చదువుకున్న గైడు మిమ్మల్ని విగ్రహం పాదాల వైపు తీసుకువెళ్లి, రెండు పాదాలూ సమానంగా లేవని, పై పాదం కొంచెం వెనక్కు జరిగి ఉందని చూపిస్తాడు. విశ్రాంతి తీసుకుంటున్న బుద్ధునికి, పరినిర్వాణం పొందిన బుద్ధునికి శిల్పి చూపిన తేడా అదే. ఆ తరువాత తల వైపు వస్తే, తల బరువుకు దిండు కాస్త నొక్కుకుపోయినట్లు గట్టి రాతిలో చెక్కిన పనితనం కనిపిస్తుంది. చూసేవారికి ఈ రెండూ చెప్పని మనిషిని గైడు అనడానికి నాకు మనసు ఒప్పదు.

తెలుగులో వివరించే లైసెన్సు గైడ్లు దొరకడం కష్టం. ఇంగ్లిష్, కొంతవరకు తమిళం, హిందీ దొరుకుతాయి. ఇక్కడి నుంచి బృందంతో వచ్చే తెలుగు టూర్ మేనేజరు భోజనాలు, గదులు, సామాను చూసుకుంటారు. వారు గైడుకు ప్రత్యామ్నాయం కాదు. పెద్దలకు ఇంగ్లిష్ రాకపోతే బృందంలో ఒకరు పక్కనే నిలబడి తెలుగులో చెప్పేలా ముందే అనుకోవడం మంచిది.

మరొక విషయం. మాతలే దారిలోని మసాలా తోటలు, రత్నాల దుకాణాలు, బాతిక్ బట్టల షాపులు కార్యక్రమంలో ‘ఉచిత సందర్శన’ పేరుతో ఉంటాయి. అక్కడ మీరు కొన్నదానిలో కమీషన్ తీసుకొచ్చినవారికి వెళ్లడం ఆ వ్యాపారంలో మామూలే. కొనాలనుకుంటే తప్పు లేదు, అయితే గంటన్నర అక్కడ గడిచిపోతే దంబుల్ల గుహాలయాలకు ముప్పావు గంటే మిగులుతుంది.

అపోహ: డిసెంబరు నుంచి మార్చి వరకే శ్రీలంక సీజను.

ఈ ద్వీపానికి రెండు రుతుపవనాలు. నైరుతి రుతుపవనాలు మే చివరి నుంచి సెప్టెంబరు వరకు పశ్చిమ, దక్షిణ తీరాలను, కొండల పశ్చిమ వాలును తడుపుతాయి. ఈశాన్య రుతుపవనాలు డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు తూర్పు, ఉత్తర ప్రాంతాలకు వానలు తెస్తాయి. ఒక వైపు తడిగా ఉన్నప్పుడు రెండో వైపు సాధారణంగా పొడిగా ఉంటుంది గనుక, ఏ నెలలో ఎటు వెళ్లాలన్నదే అసలు ప్రశ్న.

మన సెలవులతో పోల్చి చూస్తే విషయం స్పష్టమవుతుంది. సంక్రాంతికి వెళ్లేవారికి దక్షిణ తీరం అనుకూలం. మిరిస్స సముద్రంలో నీలి తిమింగలాలు కనిపించే కాలం కూడా అదే. అదే సంక్రాంతికి అష్టాదశ శక్తిపీఠాలలో మొదటిదైన శాంకరీదేవి దర్శనం కోసం తూర్పు తీరంలోని ట్రింకోమలీ వెళ్లాలనుకుంటే వానకు, అలజడిగా ఉండే సముద్రానికి సిద్ధపడాలి. దర్శనం ఆగదు గానీ అదే తీరంలో పడవ షికారు, పగడపు దిబ్బల మధ్య ఈత వంటివాటికి అవకాశం తక్కువ. వేసవి సెలవులలో ఏప్రిల్, మే మొదటి సగం తూర్పుకు మంచి కాలం. దసరా సెలవులు రెండు రుతుపవనాల మధ్య సంధికాలంలో పడతాయి, మధ్యాహ్నం తరువాత ఎక్కడైనా ఉరుములతో వాన కురవవచ్చు. పైగా యాల జాతీయ ఉద్యానంలో ఎక్కువమంది వెళ్లే మొదటి బ్లాకును సెప్టెంబరు, అక్టోబరు నెలలలో ఎండ తీవ్రత కారణంగా కొన్ని వారాలు మూసివేయడం పరిపాటి. దసరాకు యాల సఫారీ ఇస్తామనే వారిని ఏ బ్లాకు, ఏ గేటు అని అడగాలి.

ఆగస్టు, సెప్టెంబరు నెలలకు వేరే ఆకర్షణ ఉంది. 3వ శతాబ్దంలో మహాసేన రాజు తవ్వించిన మిన్నేరియ చెరువు ఆ నెలలలో వెనక్కు తగ్గి, బయటపడిన నేల మీద లేత గడ్డి మొలుస్తుంది. ఆ గడ్డి కోసం చుట్టుపక్కల అడవుల నుంచి ఏనుగులు గుంపులు గుంపులుగా చేరుతాయి. చెరువులో నీటిమట్టం ఎక్కువగా ఉన్న ఏడాది గడ్డి ఉండదు, అప్పుడు ఏనుగులు పక్కనున్న కౌదుల్ల వైపో, హురులు వైపో వెళ్తాయి. అందుకే టికెట్టు ఏ పార్కుకు కొనాలో ఆ రోజు మధ్యాహ్నం స్థానిక జీపు డ్రైవర్లను అడిగి నిర్ణయించే నిర్వాహకుడు, మూడు నెలల ముందే మిన్నేరియ అని కార్యక్రమంలో ముద్రించే నిర్వాహకుడి కంటే నమ్మదగినవాడు.

అపోహ: సఫారీ అంటే యాలనే, చిరుతపులి తప్పక కనిపిస్తుంది.

శ్రీలంక జాతీయ పతాకం మీద సింహం ఉంది గానీ అడవిలో సింహాలు, పెద్దపులులు లేవు. చిరుతకు పోటీ లేకపోవడం వల్ల అది పగటి వేళ కూడా బండల మీద, బాటల మీద నిర్భయంగా కనిపిస్తుందన్నది నిజం. యాల మొదటి బ్లాకు చిరుతలకు ప్రసిద్ధి చెందిందన్నదీ నిజం. ఆ ప్రసిద్ధి వల్లే, ఒక చిరుత కనబడిందని ఫోనులో కబురు అందిన మరుక్షణం పదుల కొద్దీ జీపులు ఆ బాట మీదికి దూసుకువస్తాయి. దుమ్ము, హారన్లు, ముందుకు వెళ్లడానికి తోపులాట; చిరుత పొదల్లోకి వెళ్లిపోయాక వెనుక ఉన్న జీపులలోని వారు ఎదుటి జీపు టైరు తప్ప మరేమీ చూడరు. చిరుత గ్యారంటీ అని చెప్పేవారు ఇటువంటి డ్రైవింగునే మీకు అమ్ముతున్నారని గుర్తించాలి.

నేను ముందుగా విల్పత్తు గురించి చెబుతాను. వాయవ్య ప్రాంతంలో ఉన్న ఈ ఉద్యానం దేశంలోనే అతి పెద్దది. విల్లు అని పిలిచే సహజమైన లోతట్టు నీటిగుంటల చుట్టూ జంతువులు తిరుగుతాయి, జీపుల రద్దీ యాల కంటే తక్కువ. చిరుత కనిపించే అవకాశం ఉన్నా కచ్చితం కాదు. ఏనుగులే ముఖ్యమనుకుంటే ఉడవలవెలో సంవత్సరమంతా కనిపిస్తాయి, చిన్నపిల్లలతో వెళ్లేవారికి అది నిరాశ కలిగించదు. యాలకే వెళ్లాలనుకునేవారు మూడు సంగతులు ముందే తేల్చుకోవాలి: జీపులో మీ కుటుంబమే ఉంటుందా లేక వేరేవారిని కలుపుతారా, ఉదయం గేటు తెరిచే వేళకు లోపలికి వెళ్తారా, జంతువు కనబడినప్పుడు ఇంజను ఆపి దూరంగా నిలబడటానికి డ్రైవర్ ఒప్పుకుంటాడా. మూడో మాట అడిగినప్పుడు అవతలివారు నవ్వేస్తే ఆ టూరు వద్దు.

సింహరాజ వర్షారణ్యంలో జీపు కాదు, నడకే. జలగలు పట్టకుండా మేజోళ్లు తప్పనిసరి. అక్కడి ప్రత్యేకత అనేక జాతుల పక్షులు కలిసికట్టుగా మేతకు తిరగడం. నాలుగు నిమిషాలు కోలాహలంగా ఉండి ఆ గుంపు వెళ్లిపోతుంది, తరువాత గంటసేపు నిశ్శబ్దమే. ఓపిక లేనివారికి నేను దాన్ని సూచించను.

అపోహ: జంతువులను తాకనిచ్చే చోటే పిల్లలకు మంచి అనుభవం.

ఏనుగు సవారీ, ఏనుగుకు స్నానం చేయించడం, తాబేలు పిల్లను అరచేతిలో పెట్టుకోవడం వంటివి కుటుంబ ప్యాకేజీలలో ఎక్కువగా అమ్ముడవుతాయి. ఏనుగును సవారీకి లొంగదీసే శిక్షణ కఠినమైనది, దాన్ని ప్రకృతి పర్యటనలో భాగంగా నేను చూడను. సముద్ర తాబేళ్ల విషయంలో తెలుసుకోవలసినది ఇంకా ఉంది. గుడ్డు పగిలిన వెంటనే పిల్లలకు సముద్రంలోకి వేగంగా ఈదుకుపోయే శక్తి కొద్ది కాలమే ఉంటుంది. సందర్శకుల కోసం వాటిని తొట్లలో రోజుల తరబడి ఉంచితే ఆ శక్తి అక్కడే ఖర్చవుతుంది. వీటికి బదులు, తల్లిని కోల్పోయిన గున్నలను పెంచి తిరిగి అడవిలోకి వదిలే ఉడవలవె ఏనుగుల ట్రాన్సిట్ హోమ్‌లో పాలు తాగించే సమయాన్ని దూరం నుంచి చూడవచ్చు. దక్షిణ తీరంలోని రెకవ బీచిలో గుడ్లు పెట్టడానికి రాత్రివేళ ఒడ్డుకు వచ్చే తల్లి తాబేళ్లను స్థానికుల వెంట చీకటిలో నిశ్శబ్దంగా చూడవచ్చు. రెండు చోట్లా తాకనివ్వరు, ఫ్లాష్ వాడనివ్వరు. పిల్లలు దీనికి విసుక్కుంటారనుకోవడం పెద్దల ఊహ మాత్రమే.

అపోహ: మనకు శ్రీలంక సంస్కృతి రామాయణ స్థలాల వరకే.

నువర ఎలియ దగ్గరి సీతాదేవి ఆలయం, రావణుడి పేరుతో ఉన్న జలపాతం చూడాలనుకోవడం సహజమే. అయితే తెలుగువారికి చారిత్రకంగా మరింత దగ్గరి సంబంధం ఉన్న చోట్లను మన ప్యాకేజీలు పూర్తిగా వదిలేస్తున్నాయి. నాగార్జునకొండ శాసనంలో సింహళ భిక్షువుల విహారం ప్రస్తావన ఉంది. శ్రీలంక ప్రాచీన రాజధాని అనురాధపురం శిల్పాలలో అమరావతి శైలి ప్రభావం కనిపిస్తుంది. క్యాండీని 1739 నుంచి 1815 వరకు పాలించిన నలుగురు రాజులు తెలుగు మూలాలున్న నాయక వంశీయులు. వారిలో కీర్తిశ్రీ రాజసింహ బౌద్ధానికి కొత్త ఊపిరి పోశాడు. చివరివాడైన శ్రీవిక్రమ రాజసింహను బ్రిటిష్‌వారు వెల్లూరుకు ప్రవాసం పంపగా, 1832లో అక్కడే మరణించాడు. క్యాండీలో బుద్ధుని దంతాన్ని ఉంచిన దంతధాతు ఆలయానికి వెళ్లేటప్పుడు ఈ సంగతి చెప్పమని గైడును ముందే కోరండి, అతను సంతోషంగా చెబుతాడు.

బౌద్ధ స్థలాలలో చెప్పులు, టోపీ తీసివేయాలి. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోకూడదు. చేతి మీద బుద్ధుని పచ్చబొట్టు ఉన్నందుకు 2014లో ఒక బ్రిటిష్ పర్యాటకురాలిని వెనక్కు పంపారు.

అపోహ: తెలుగువారందరికీ ఒకే టికెట్టు ధర.

చారిత్రక స్థలాలలో, జాతీయ ఉద్యానాలలో భారత్ సహా సార్క్ (దక్షిణాసియా కూటమి) దేశాలవారికి రాయితీ ఉంది. అది పాస్‌పోర్టును బట్టి ఇస్తారు. అమెరికా నుంచి వచ్చి హైదరాబాద్‌లోని తల్లిదండ్రులతో కలిసి వెళ్లే పిల్లలకు అమెరికా పాస్‌పోర్టు ఉంటే పూర్తి విదేశీ ధరే పడుతుంది, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు పనికిరాదు. ఒకే కుటుంబానికి రెండు ధరలు పడతాయి గనుక, ప్యాకేజీలో ప్రవేశ రుసుములు కలిశాయా, జీపు అద్దె, పార్కు టికెట్టు విడిగా ఉన్నాయా అని మనిషి మనిషికీ లెక్క వేయించుకోవాలి. చవకగా కనిపించే ప్యాకేజీలలో వదిలేసేవి ఇవే. పాస్‌పోర్టు అసలు ప్రతి వెంట ఉండాలి.

అపోహ: సిగిరియా ఎక్కలేని పెద్దలు ఆ రోజు హోటల్లో ఉండిపోవాలి.

5వ శతాబ్దంలో కాశ్యప రాజు కోట కట్టిన ఈ బండ పైకి దాదాపు 1,200 మెట్లు. మోకాళ్ల నొప్పులు, గుండె సమస్య ఉన్నవారు ఎక్కకూడదు. యువకులైనా తెరిచే వేళకే మొదలుపెట్టాలి, ఎండెక్కాక బండ సెగలు కక్కుతుంది. కొన్నిసార్లు కందిరీగల బెడద వల్ల ఎక్కడం ఆపివేస్తారు. కుడ్యచిత్రాలు సగం దారిలో ఉంటాయి, వాటిని ఫొటో తీయనివ్వరు. పెద్దలు కింద ఉన్న జలోద్యానాలలో నడిచి, మ్యూజియంలో ఆ చిత్రాల నకళ్లను నింపాదిగా చూడవచ్చు. ఎక్కినవారు దిగివచ్చాక అందరూ కలిసి పొలొన్నరువ వెళ్తే, అక్కడ నేల చదునుగా ఉంటుంది, వాహనం చాలా కట్టడాల దగ్గరిదాకా వస్తుంది. కాకపోతే మధ్యాహ్నపు ఎండలో ఆ రాతి నేల కాళ్లను కాలుస్తుంది, చెప్పులు విప్పే చోట వేసుకోవడానికి ఒక్కొక్కరికి ఒక జత పాత మేజోళ్లు సంచిలో పెట్టుకోండి.