వెనక వరుసకి కనిపించే కొండ

చిరంజీవి పండుకి, చెల్లి బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. స్కూలు వార్షికోత్సవం నాటకానికి నాలుగు రోజులు కూర్చుని తెర మీద కొండలు, అడవి, ఒక్కో ఆకుకి ఈనెలతో సహా వేశావట. తీరా వెనక వరుసలో కూర్చున్న అమ్మ ‘ఏదో పచ్చగా కనిపించిందిరా’ అందట. అంత కష్టపడితే ఎందుకు కనపడలేదని కదా నీ టెన్షన్!

బుజ్జికి రహస్యం చెప్పాలంటే చెవిలో గుసగుసలాడతావు. అదే పొలానికి అవతల గట్టు మీదున్న మనిషిని భోజనానికి పిలవాలనుకో. ‘అమ్మ వంకాయ కూర చేసింది, చారు కాగుతోంది’ అని చెబుతావా? ‘నాన్నోయ్... అన్నం’ అని సాగదీస్తావు. నాటకం తెర కూడా కేకేరా. నువ్వు గుసగుసలో వేశావు. కేకలో వంకాయ ఉండదు, తెర మీద ఈనె ఉండదు. కేకకి గొంతు ఎంత పెద్దది కావాలో తెరకి కుంచె అంత వెడల్పుది కావాలి. గొంతు బొంగురుపోతే మరి... సరే, మీ నానమ్మ నవ్వుతోంది, ఆపేస్తాను.

నా చిన్నప్పుడు మా ఊరి సంత మైదానంలో నాటకాల డేరా వేశారు. రాత్రి తెర మీది అడవిని చూస్తే పులి వస్తుందేమో అనిపించేది. మర్నాడు పగలు డేరా కింద నుంచి దూరి దగ్గరికెళ్లాను. అడవి లేదు! నా చెయ్యంత వెడల్పు పచ్చటి చారలు, జిగురు కలిపిన రంగు వాసన, అంతే. ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని పది అడుగులు వెనక్కి వచ్చి చూస్తే మళ్లీ అడవి. మనం చేసే పని తక్కువ టికెట్టు కొన్నవాడికి కూడా అందాలని ఆ రోజే అనుకున్నాను.

ఈ కేక బాగా తెలిసిన చిత్రకారుడు నికొలాయ్ రోరిక్. 1874లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు. వాళ్ల నాన్న లా చదవమన్నాడు, ఇతనికేమో బొమ్మల పిచ్చి. రెండూ చదివాడు. (ఈ ముక్క మీ నాన్నకి చదివి వినిపించు.) కొండలూ ఆకాశాలూ వేస్తూనే నాటకశాలలకి తెరలు వేసేవాడు. 1913లో పారిస్‌లో స్ట్రావిన్‌స్కీ అనే సంగీతకర్త కొత్త బ్యాలేకి (అంటే నాట్యంతో కథ చెప్పే ప్రదర్శనకి) తెరలూ దుస్తులూ ఈయనవే. మొదటి ప్రదర్శన రోజునే హాల్లో జనం ఒకటే గోల! తెరల్ని చూసి కాదులే, ఆ సంగీతమూ ఆ గెంతులూ వాళ్లకి మింగుడుపడలేదు.

1923లో మన దేశం వచ్చాడు. 1928 నుంచి కులూ లోయలోని నగ్గర్‌లో ఉండి హిమాలయాల్ని వేస్తూనే ఉన్నాడు. 1947లో అక్కడే పోయాడు. ఆ బొమ్మల్లో ఒక నీలం, దాని వెనక ఇంకో లేత నీలం, పైన కాస్త గులాబీ రంగు. అంత పెద్ద కొండకి అంతే! తెరలు వేసి వేసి అలవాటైన చెయ్యే అది అని నా నమ్మకం. అన్నట్టు, ఆయన చిన్న కొడుకు స్వెతొస్లావ్ 1945లో పెళ్లాడిన సినిమా నటి దేవికారాణి పుట్టింది ఎక్కడనుకున్నావు? మీ వాల్తేరులోనే.

దూరపు కొండ నీలంగా ఎందుకుంటుందని అడుగుతావు. మధ్యలో బోలెడంత గాలి ఉంది కదా, దానివల్ల... వద్దులే. రేపు తెల్లారగానే డాబా ఎక్కి, కళ్లు సగం మూసి సింహాచలం కొండ వైపు చూడు. చెట్లు కాదు, రంగులు లెక్కపెట్టి నాకు రాయి. మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు నాకు మూడు దొరికాయి. కళ్లజోడు తీస్తే రెండే.

మీ తాతయ్య