వేరుశనగ నూనె లేబుల్ మీద చెక్కుడు బొమ్మ: అపోహలు – వాస్తవాలు

అనంతపురం వేరుశనగ నూనెకైనా, కర్నూలు సోనా బియ్యానికైనా, కడప పసుపుకైనా లేబుల్ మీద పాతకాలపు చెక్కుడు బొమ్మ (చెక్క మీద చెక్కినట్టు నల్ల గీతలతోనే నీడలు చూపే బొమ్మ) వేయించుకునే ముందు ఇవి తెలుసుకోండి.

అపోహ: బొమ్మను చెక్క మీదే చెక్కుతారు.
వాస్తవం: ఒకప్పుడు అంతే. 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లండులో థామస్ బ్యూయిక్ ఈ పద్ధతికి పేరు తెచ్చాడు. బాక్స్‌వుడ్ మొద్దును అడ్డంగా కోసి, ఆ కోత ముఖం మీద బ్యూరిన్ అనే ఉలితో గీతలు తీసేవాడు. అడ్డకోతలో నార అడ్డురాదు కాబట్టి ఉలి ఏ దిక్కుకైనా తిరుగుతుంది, గీత సన్నగా వస్తుంది. ఇప్పుడు ప్యాకింగ్‌కు వచ్చేవి చాలావరకు స్క్రాచ్‌బోర్డు అనే తెల్లపూత అట్ట మీద నల్ల సిరా గీకి తీసినవి, లేదా కంప్యూటర్‌లో వెక్టర్‌గా (ఎంత పెంచినా అంచు చెదరని గీతలుగా) గీసినవి. అందులో తప్పేమీ లేదు. కాకపోతే అలాంటి బొమ్మ పక్కన ‘చెక్కపై చెక్కినది’ అని రాయకండి.

అపోహ: ఫోటోకు ఫిల్టర్ వేస్తే సరి.
వాస్తవం: ఫిల్టర్‌కు వెలుగునీడలే తెలుసు, కాయ గుండ్రదనం తెలియదు. గీతలన్నీ ఒకే దిక్కున పోయి బొమ్మ చదునుగా పడుతుంది. శనక్కాయ గీసేటప్పుడు గీత గింజ ఉబ్బు మీదికెక్కి, నడుము దగ్గర లోపలికి దిగి, మళ్లీ రెండో ఉబ్బు ఎక్కాలి. వెలుగు పడేచోట సన్నబడి తెగిపోవాలి, నీడవైపు లావెక్కాలి. పొట్టు మీది గాడులు వేసేది ఆ తర్వాతే. నెట్‌లో తీసుకున్న బొమ్మల్లో మూడు గింజల కాయలు కనిపిస్తుంటాయి. మన కదిరి రకాల్లో ఎక్కువగా ఉండేవి రెండు గింజల కాయలే. శనక్కాయ పండించే ఊళ్లో ఆ తేడా ఇట్టే పట్టేస్తారు.

అపోహ: గీత ఎంత సన్నగా ఉంటే పనితనం అంత గొప్ప.
వాస్తవం: బొమ్మలు ఎక్కువగా చెడేది ఇక్కడే. 20 సెం.మీ. వెడల్పున గీసిన బొమ్మను 4 సెం.మీ.కి కుదిస్తే 0.5 మి.మీ. గీత 0.1 మి.మీ. అయిపోతుంది, పక్కనున్న తెల్ల సందూ అంతే తగ్గుతుంది. కాగితం లేబుల్ మీద ఆఫ్‌సెట్‌లో (ప్లేటు నుంచి రబ్బరు పొర మీదుగా కాగితానికి సిరా ఎక్కే అచ్చులో) అది నిలుస్తుంది. ఫ్లెక్సోలో (రబ్బరులాంటి ఉబ్బెత్తు ప్లేటుతో వేసే అచ్చులో) ప్లేటు మెత్తన, ఒత్తిడికి గీత లావెక్కి సందులో సిరా నిండుతుంది, నీడ భాగమంతా నల్ల మచ్చగా మారుతుంది. ప్రెస్సు నిలబెట్టలేని తెల్లగీతలు వేయడం కన్నా ఆ చోటు పూర్తిగా నలుపు చేసేయడం మేలు. బియ్యం సంచి ఇంకా కష్టం: నేసిన ప్లాస్టిక్ మీద నేరుగా అచ్చేస్తే నేత మిట్టపల్లాలకే సన్నగీత తెగిపోతుంది. గీత, సందు రెండూ 1 మి.మీ.తో మొదలుపెట్టి, ప్రూఫ్ (నమూనా అచ్చు) చూశాక తగ్గించుకోండి. బీఓపీపీ (సన్న ప్లాస్టిక్ ఫిల్మ్) పొర అంటించిన సంచికి గ్రావ్యూర్ అచ్చు (సిలిండర్ మీది సన్న గుంటల్లో సిరా నింపి వేసేది) వాడతారు. అందులో సన్నగీత నిలుస్తుంది, కానీ దగ్గరగా చూస్తే అంచు రంపం పళ్లలా ఉంటుంది.

అపోహ: ఒకే ఫైలు అన్నిటికీ సరిపోతుంది.
వాస్తవం: సరిపోదు. పౌచ్‌కు, డబ్బాకు, సంచికి గీతల సంఖ్య మార్చి విడివిడిగా గీయించాలి.

అపోహ: చేత్తో గీసిన బొమ్మను స్కాన్ ఎలా చేసినా ఒకటే.
వాస్తవం: 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు), బిట్‌మ్యాప్‌గా (నలుపు, తెలుపు మాత్రమే ఉండేలా) చేయాలి. గ్రేలో వదిలేస్తే గీతల అంచులు చుక్కలుగా విరుగుతాయి. నలుపు ఒక్క సిరాతోనే రావాలి. నాలుగు రంగులు కలిపిన నలుపైతే రిజిస్ట్రేషన్ (రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడే అమరిక) కొంచెం జరిగినా ప్రతి గీత పక్కనా రంగు తొంగిచూస్తుంది. కింద పసుపు రంగు వేస్తే నలుపును ఓవర్‌ప్రింట్‌లో (పసుపును కత్తిరించకుండా దాని మీదే నలుపు పడేలా) పెట్టండి.

శాకాహార గుర్తును కూడా చెక్కుడు గీతల్లోకి మార్చమని అడుగుతుంటారు. అది ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పిన రూపంలో, ఆకుపచ్చలోనే ఉండాలి. దాన్ని ముట్టుకోవద్దు.