పాలిచ్చే తల్లికి ప్రైమాక్విన్ ఎందుకు ఆపారు?

సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండ ఊళ్లు 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసేదాకా శ్రీకాకుళం, విజయనగరం ఏజెన్సీలోవే. అక్కడ చలిజ్వరంతో వచ్చిన బాలింతకు వైవాక్స్ రకం మలేరియా అని తేలితే, రక్తంలోని క్రిమిని చంపే మూడు రోజుల క్లోరోక్విన్‌కు అడ్డేమీ లేదు. చిక్కంతా ఆ తర్వాతి 14 రోజుల ప్రైమాక్విన్ దగ్గరే.

వైవాక్స్ క్రిమి కొంత కాలేయంలో దాక్కుంటుంది, నెలల తర్వాత మళ్లీ జ్వరం తెస్తుంది. క్లోరోక్విన్ దాన్ని తాకలేదు. తాకేది ప్రైమాక్విన్. 1952లో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది. అయితే ఈ మాత్రతో కొందరికి ఎర్రరక్తకణాలు చితికిపోయి, మూత్రం కాఫీరంగులోకి మారేది. దానికి మూలం, ఎర్రరక్తకణాలను కాపాడే జీ6పీడీ ఎంజైమ్ పుట్టుకతోనే లోపించడమని 1956లో బయటపడింది.

ఆ భయమే చంటిబిడ్డ దాకా పాకింది. బిడ్డకు లోపం ఉందో లేదో తెలియదు, పాలలోకి మందు ఎంత వస్తుందో అసలే తెలియదు. ఆరు నెలల లోపు బిడ్డకు పాలిచ్చే తల్లికి ఇవ్వవద్దని 2015 ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెప్పాయి. తెలియనప్పుడు అది సరైన జాగ్రత్తే.

థాయ్‌లాండ్-మయన్మార్ సరిహద్దులో పాలను కొలిచిన ఫలితాలు 2018లో వచ్చాయి. తల్లులకు ఇచ్చింది రోజుకు కిలోకు 0.5 మిల్లీగ్రాముల ప్రైమాక్విన్, అంటే మన దగ్గర వాడే 0.25కు రెట్టింపు. అయినా బిడ్డకు చేరింది రోజుకు కిలోకు దాదాపు 3 మైక్రోగ్రాములే. 5 కిలోల బిడ్డకు 15 మైక్రోగ్రాములు: 2.5 మిల్లీగ్రాముల చిన్న మాత్రలో 160వ వంతు కూడా కాదు. కాకపోతే ఆ బిడ్డలంతా 28 రోజులు నిండినవారు. అంతకన్నా పసివాళ్లకు ఈ లెక్క వర్తించదు. తల్లికి జీ6పీడీ పరీక్ష ఎలాగూ కావాలి.

మా దృష్టిలో అసలు నష్టం వేరే చోట జరుగుతోంది. వాయిదా వేసిన మందును ఎవరూ గుర్తుపెట్టుకోరు. బిడ్డకు ఆరు నెలలు నిండే తేదీని ఏఎన్‌ఎం తల్లీబిడ్డల కార్డు మీద రాసి, ఆశా కార్యకర్తకు చెబితే ఆ 14 రోజుల కోర్సు మిగిలిపోదు. లేకపోతే జ్వరం తిరగబెట్టాకే తల్లి మళ్లీ కనిపిస్తుంది.

మందు వాడుతున్నారని పాలు మాన్పించకండి. క్లోరోక్విన్ పాలలోకి కొద్దిగా వచ్చినా బిడ్డకు హాని లేదు. అలాగని ఆ కొద్దిపాటి మందు బిడ్డను మలేరియా నుంచి కాపాడనూ లేదు. బిడ్డ ఒళ్లు వేడిగా ఉంటే దాని రక్తం విడిగా పరీక్ష చేయించాల్సిందే.