కుక్కతో వాకింగ్‌లో అడవి జంతువు ఎదురైతే: అపోహలు - వాస్తవాలు

నేను కుక్కలకు వైద్యం చేస్తాను. పొద్దున్నే వచ్చే ఫోన్లు చాలావరకు ఇలాగే మొదలవుతాయి: "డాక్టర్ గారూ, పొదలో ఏదో ఉంది, మావాడు మూతి పెట్టాడు." జంతువు తనంతట తాను వచ్చి మీద పడటం అరుదు. ఎక్కువసార్లు మనవాడే వెళ్లి పలకరిస్తాడు.

అపోహ: పాము కరిస్తే కాటుకు పైన గట్టిగా కట్టు కట్టాలి.

ఒకాయన తన ల్యాబ్రడార్‌ను నడిపించుకుంటూ తెచ్చారు. ముందు కాలికి బూటు లేసు బిగించి ఉంది. లేసు కింద పాదం ఉబ్బి, ముట్టుకుంటే చల్లగా తగిలింది. కాటు కన్నా ముందు ఆ కట్టు గురించే నాకు భయం వేసింది. రక్తం ఆగిపోతే ఆ భాగమే చచ్చుబడుతుంది. కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం కూడా వద్దు. నడిస్తే విషం త్వరగా పాకుతుంది కాబట్టి కుక్కను ఎత్తుకుని రండి. కాటు ఎక్కువగా మూతి మీదో ముందు కాళ్ల మీదో పడుతుంది. మూతి మీదైతే మెడ దాకా వాచిపోతుంది, అందుకే ముందు కాలర్ తీసేయండి. పామును చంపి సంచీలో వేసుకు రావద్దు, తెగిన తల కూడా కాసేపు కాటేయగలదు.

"వాపు లేదు, కాబట్టి విషం ఎక్కలేదు" అని ఇంట్లో కూర్చునేవారూ ఉన్నారు. రక్తపింజరి కాటుకు వాపు వస్తుంది. కట్లపాము విషం మాత్రం నరాల మీద పనిచేస్తుంది. కాటు వేసిన చోట వాపు దాదాపు ఉండదు. వెనక కాళ్లు తూలడం, కనురెప్పలు వాలడం, ఊపిరి బరువెక్కడం కనిపించేసరికే చాలా సమయం పోయి ఉంటుంది.

అపోహ: ముళ్లపంది ముళ్లు విసురుతుంది.

విసరదు. ముళ్లు నిక్కబొడుచుకుని, వీపు తిప్పి, వెనక్కి దూసుకొస్తుంది. మూతి పెట్టిన కుక్కకు అవి దిగబడతాయి. ముల్లును కత్తిరిస్తే గాలి పోయి సులువుగా వస్తుందనేది ఇంకో మాట. కత్తిరిస్తే అది చీలుతుంది, పట్టుకోవడానికి మాకేమీ మిగలదు. అలాగే వదిలేసి తీసుకురండి, మత్తు ఇచ్చి తీస్తాం.

అపోహ: పగటిపూట నక్క కనిపిస్తే దానికి రేబీస్ ఉన్నట్టే.

పిల్లలున్న నక్క పగలు కూడా తిండి వెతుక్కుంటుంది. తూలుతూ నడవడం, మనిషిని చూసి జంకకపోవడం, కారణం లేకుండా దేన్నిపడితే దాన్ని కరవబోవడం, అనుమానించాల్సింది వీటిని. అది కరిస్తే మాత్రం మీ కుక్కకు టీకా వేయించి ఉన్నా నిర్లక్ష్యం చేయొద్దు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగండి. బూస్టర్ డోసు వేయించండి. గ్లోవ్స్ వేసుకునే కడగాలి, కుక్క బొచ్చుకు ఆ నక్క లాలాజలం అంటి ఉండొచ్చు. మీకూ గీరుకుని ఉంటే అదే రోజు మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

అపోహ: వదిలేస్తే కుక్కే తరిమేస్తుంది.

అడవిపందిని తరమబోయిన కుక్క భయపడితే ఎక్కడికి పరిగెడుతుంది? నేరుగా మీ దగ్గరికే, వెనకాల పందితో సహా. లీష్ ఒకటిన్నర, రెండు మీటర్లకు మించకూడదు. సాగే లీష్‌లంటే నాకు అస్సలు నచ్చదు. మీరు బటన్ నొక్కేలోపు కుక్క తల పొదలో ఉంటుంది. జంతువు కనిపిస్తే ఆగండి, లీష్ దగ్గరకు లాక్కోండి, దానికి దారి వదిలి, వీపు చూపకుండా మెల్లగా వెనక్కి జరగండి. పరుగు వద్దు.

చివరిగా, నోట్లో నురగ కనబడగానే రేబీస్ అని టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట. వానాకాలం సాయంత్రాల్లో అది చాలాసార్లు ఒంటినిండా బుడిపెలుండే కప్పను నోట కరిచిన ఫలితం. దాని కళ్ల వెనక గ్రంథుల్లో విషం ఉంటుంది. కుక్క తల కిందికి వంచి, నీళ్లు గొంతులోకి పోకుండా పక్కనుంచి నోరు కడగండి, చిగుళ్లను తడిబట్టతో తుడవండి. వణుకుతున్నా, ఫిట్స్ వచ్చినా కడుగుతూ కూర్చోకుండా బయల్దేరండి.